పండుడు పీహెచ్‌డీ

కేతేపల్లి చుట్టుపక్కల గొర్లకాపరి మల్లప్ప పేరెత్తితే ఎవరైనా ముందు చెప్పే మాట ఒకటే. ఆ మనిషి నిద్రపోగా చూసినవాళ్లు లేరు. ఇది పొగడ్తో ఫిర్యాదో చెప్పేవాళ్లను బట్టి ఉంటుంది. భార్య జానమ్మ చెప్తే మాత్రం ఫిర్యాదే. పెళ్లయిన కొత్తలో, ఇంకా తోరణాలు వాడకముందే, మంద కాడ కుక్క మొరుగుతోందని లేచిపోయిన పెనిమిటి తెల్లవారి గొంగడి దులుపుకుంటూ వచ్చి, "ఏం లేదు, ఊకనే మొరిగింది" అన్నాడట. ఆ కుక్క చచ్చిపోయి ఎన్నో ఏళ్లయింది. దాని మీద జానమ్మ కోపం మాత్రం ఇంకా బతికే ఉంది.

ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్నారు పెద్దలు. మల్లప్ప సంగతి వేరు. నిద్రకే మల్లప్ప ఎవరో తెలియదు. కోతలయ్యాక రైతులు ఎరువు కోసం పొలాల్లో గొర్ల మంద పెట్టించుకుంటారు. అట్లా పెట్టినప్పుడు మంద పక్కన కట్టె నేలకు ఆనించి, కట్టె మీద గడ్డం ఆనించి నిలబడేవాడు. అదే ఆయన పడక. బస్సులో సీటు ఖాళీ ఉన్నా కూర్చునేవాడు కాదు, కూర్చుంటే కన్ను అంటుకుంటుందని భయం. "పండినోని మంద పక్కోని పాలు" అని ఒక సామెత చెప్పేవాడు. తాతల కాలం నాటిదనేవాడు గానీ, ఆయన నోట తప్ప ఇంకెవరి నోటా నేను వినలేదు.

పరాయి దిక్కు పాఠకుల కోసం ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా దిక్కు పండుడు అంటే నిద్రపోవడం. కాయ పండుతుంది, పంట పండుతుంది, పనయిపోయాక మనిషీ పండుతాడు. ఈ ఒక్క మాట తెలియకపోతే తర్వాత జరిగిన రామాయణం అర్థం కాదు.

మల్లప్పకు ఒక్కతే బిడ్డ, నిరోష. ఇంజనీరింగు చదివింది, ఆ పైచదువూ చదివింది. చౌటుప్పల్‌లో ఒక మందుల ఫ్యాక్టరీలో మిషన్లు చూసుకునే సూపర్‌వైజరు. తండ్రికి ఆ ఉద్యోగం అంటే ఎంత మురిపెమో చెప్పలేం. "నేను జీవాలను కాస్త, మా బిడ్డ మిషన్లను కాస్తది. ఇద్దరం పండం" అని ఊరంతా చాటాడు. అలాంటి బిడ్డ ఒకనాడు ఫోన్ చేసింది. మల్లప్ప అప్పుడు మూసీ కాలువ గట్టు మీద ఉన్నాడు. ఒకపక్క గాలి, ఒకపక్క గొర్రెల అరుపులు.

"బాపూ, నాకు ఫండెడ్ పీహెచ్‌డీ వచ్చింది."

"ఏమొచ్చింది?"

"ఫండెడ్, ఫండెడ్ పీహెచ్‌డీ."

మల్లప్ప చెవికి అది పండుడు అని వినపడింది. తప్పు ఆయనది కాదు. ఆ చెవి పుట్టిన నాటి నుంచీ ఆ మాటకే భయపడుతూ ఉంది.

"గదేం కొలువు బిడ్డా?"

"కొలువు గాదు బాపు. ఈ కొలువు ఇడిసిపెట్టాలె. నాలుగైదేండ్లు ఆడనే ఉండుడు. నెలనెలా పైసలు వాళ్లే ఇస్తరు. హాస్టల్ల రూము, మంచం, పరుపు అన్ని వాళ్లయే."

"పరుపు గూడనా?"

"పరుపు గూడ."

"గియన్ని ఎవలిస్తరు?"

"సర్కారే ఇస్తది."

ఇంకొకరైతే ఇక్కడ అనుమానపడేవారు. సర్కారు అనేసరికి మల్లప్పకు ఉన్న అనుమానమూ తీరిపోయింది. రాష్ట్రం వచ్చినకాడి నుంచి సర్కారు గొర్రెలిచ్చింది, పండగకు ఆడోళ్లకు చీరెలిచ్చింది, చెరువుల్లో చేపపిల్లలు వదిలింది. అన్నీ ఇచ్చాక ఇక మిగిలింది నిద్రే కదా, అదీ ఇస్తున్నట్టుంది అనుకున్నాడు. ఇచ్చేవాళ్లు ఇస్తే ఇచ్చారు, పోయి పోయి నా బిడ్డనే దొరికిందా అని ఆయన బాధ. ఫోన్ జేబులో పెట్టుకుని చాలాసేపు గొర్రెల వంక చూశాడు. అవి కూడా తనను చూసి నవ్వుతున్నట్టే అనిపించింది.

మనసు ఆగక హైవే పక్కన మటన్ దుకాణం నడిపే బషీర్ దగ్గరికి పోయాడు. బషీర్ ఏళ్ల తరబడి మల్లప్ప దగ్గరే పొట్టేళ్లు కొంటున్నాడు. మంచి మనిషి. ఒకటే లోపం, నాకు తెలియదు అనే మాట ఆయనకు తెలియదు.

"భాయ్, పీహెచ్‌డీ అంటె ఏంది?"

"డాక్టర్ సదువు. పేరు ముంగట డాక్టర్ అని రాసుకుంటరు."

"మరి పండుడు పీహెచ్‌డీ అంటె?"

బషీర్ కత్తి పక్కన పెట్టాడు. గడ్డం నిమురుకున్నాడు. దుకాణం ముందు నలుగురు బేరగాళ్లు నిలబడి వింటున్నారు, వెనక్కి తగ్గే వీల్లేదు.

"నీంద్ డాక్టర్ అన్నట్టు. నిద్రవట్టనోళ్లకు నిద్రవట్టిస్తరు. పట్నంల గిప్పుడు గిదే బీమారి. జనానికి నేర్పాలంటె ముందు వాళ్లు నేర్చుకోవాలె గద మల్లప్పా. గందుకే పరుపు ఇచ్చుడు."

ఆ పూట మటన్ కొన్న ప్రతి ఇంటికీ కవరుతో పాటు ఈ వార్త కూడా చేరింది. తెల్లారేసరికి అదే వీధిలో ఉండే గుర్వయ్య తన చిన్న కొడుకును వెంటబెట్టుకుని వచ్చి మల్లప్ప అరుగు మీద కూర్చున్నాడు.

"మల్లన్నా, మావోనికి గూడ గా సీటు ఇప్పియ్యాలె. ఇంటర్ ఫెయిలైనప్పటి సంది వాడు గదే ప్రాక్టీసు జేస్తుండు. పగటీలి పన్నెండు దాక లేవడు. నీ బిడ్డకంటె ముంగట ఉంటడు."

మల్లప్పకు తలకాయ ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కట్టె తీసుకుని మంద వైపు నడిచిపోయాడు.

ఆదివారం నాడు నిరోష ఇంటికొచ్చింది. శుక్రవారం సాయంత్రంలోగా అక్కడికి పోయి చేరాలి, లేకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. తండ్రి చదువుకు అడ్డం చెప్తున్నాడని ఆ పిల్ల అనుకుంది. బిడ్డ నిద్రకు బానిసైందని తండ్రి అనుకున్నాడు. ఇద్దరూ ఒకే మాటను పట్టుకుని చెరో దిక్కు గుంజారు.

"కష్టపడి తినాలె గానీ, గిదేం బుద్ధి బిడ్డా?"

"గది గూడ కష్టమే బాపు. అందరికి దొరకదు. పరీక్ష రాసిన. ముగ్గురు సార్లు కూసోని ఇంటర్వ్యూ జేసిన్రు."

"దానికి పరీచ్చ గూడనా? ఏమడిగిన్రు?"

"ఇనుము ఎందుకు అలసిపోతది అని అడిగిన్రు."

మల్లప్ప భార్య వైపు చూసి తల ఊపాడు. ఇనుమే అలసిపోయిందని ఒప్పుకున్నాక ఇక మనిషి పండుడు తప్పు ఎట్లా అవుతుంది? అక్కడివాళ్లు అన్నీ ఆలోచించే పెట్టుకున్నారు.

"దారి చూపెటందుకు గైడ్ మేడం గూడ ఉంటది బాపు. మంచామె" అంది నిరోష.

"పండెటందుకు దారి చూపుడు గూడనా" అని మల్లప్ప గొణిగాడు. ఎవరికీ వినపడలేదు. వినపడి ఉంటే ఈ కథ అక్కడే ముగిసేది.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. గడప దాటేవాళ్లు 'పోయొస్త' అనాలి, ఇంటి పెద్ద 'పోయిరా' అనాలి. ఆ మాట పడనిదే మల్లప్ప తండ్రి గొర్రెను కూడా దొడ్డి దాటనిచ్చేవాడు కాదు. తండ్రి పోయినకాడి నుంచి పోయిరా అనే బాధ్యత మల్లప్పకు వచ్చింది. ఆయనకు అనేవాళ్లు మాత్రం లేకుండా పోయారు. నిరోష బడికి పోయినా, పరీక్షకు పోయినా, చౌటుప్పల్ బస్సెక్కినా ఆ మాట తీసుకునే పోయింది. ఇప్పుడు తండ్రి నోరు విప్పడం లేదు. ఆ మాట లేకుండా పోయి చేరడానికి బిడ్డ కాలు ఆడడం లేదు. ఇది మూఢనమ్మకం అని ఇంజనీరింగు చదివిన పిల్లకు తెలియక కాదు. తెలిస్తే మాత్రం, బాపు బాపు కాకుండా పోతాడా?

జానమ్మకు ఒళ్లు మండింది.

"పోయిరా అంటె నీ నోట్ల ముత్యాలు రాలుతయా? పండితె పండనియ్యరాదు. ముప్పై ఏండ్ల సంది ఈ ఇంట్ల ఎవలన్న కంటినిండ పండిన్రా? నీకు నిద్ర రాదు, నన్ను పోనియ్యవు. పిల్లనన్న పండనియ్యి."

చివరికి మల్లప్ప ఒక మెట్టు దిగాడు. జాగా కళ్లతో చూసినాకనే పోయిరా అంటానన్నాడు. శుక్రవారం పొద్దున మందను జానమ్మకు అప్పజెప్పి, గొంగడి భుజాన వేసుకుని, కట్టె పట్టుకుని బయలుదేరాడు. నిద్ర డాక్టరు వ్యవహారం మొదలుపెట్టింది తనే కాబట్టి బషీర్ కూడా దుకాణం మూసి వెంటవచ్చాడు. నిరోష తన బట్టల సంచి తెచ్చుకుంది. బాపు మాట ఇస్తే సంచి అక్కడ ఉంటుంది, ఇవ్వకపోతే అదే బస్సులో వాపస్ వస్తుంది. బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా హైదరాబాద్ దాకా మల్లప్ప కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు.

ఆ చదువుల సంస్థ హైదరాబాద్ అవతల ఉంది. గొర్రెల మేపుకు పనికొచ్చే జాగా ఎంతో ఉంది గానీ మొత్తం కోసి పచ్చిక చేశారని మల్లప్పకు నచ్చలేదు. నిరోషకు గైడ్‌గా ఉండబోయే గ్లోరీ మేడం ల్యాబ్ తలుపు దగ్గరే ఎదురొచ్చింది. ఆమెది నల్లగొండే, మాట ఇంకా ఊరిదే. ఆ చల్లటి గది నిండా మిషన్లున్నాయి. మల్లప్ప ఆ మూల నుంచి ఈ మూలకు తిరిగాడు. బల్లల కింద వంగి చూశాడు.

"ఏం కావాలె పెద్దాయనా?" అని మేడం అడిగింది.

"మంచాలేవమ్మా?"

"మంచాలెందుకు?"

"పండెటందుకు. పిల్లలు పండేది ఏడ మరి?"

గ్లోరీ మేడం నిరోష మొహం చూసింది. నిరోష బషీర్ మొహం చూసింది. బషీర్ కిటికీలోంచి పచ్చిక చూశాడు. అప్పుడు నిరోషకు మొత్తం తెలిసివచ్చింది, ఆదివారం నుంచి గుండెలో పెట్టుకు తిరుగుతున్న బరువంతా ఒక్క అక్షరం మీద నిలబడిందని. నవ్వాలో ఏడవాలో తెలియక ఆ పిల్ల రెండూ చేసింది.

"పండుడు గాదు బాపు, ఫండు. ఫండు అంటె పైసలు. సదువుకునేటోళ్లకు ఖర్చుకు పైసలిచ్చి పని జేయిపిస్తరు. గదే ఫండెడ్."

"గా సంగతి నాకు తెల్వదా" అన్నాడు మల్లప్ప. ఆ వయసులో, అంత దూరం నిలబడి వచ్చాక, ఏ మగవాడైనా అదే అంటాడు. "భాయే నీంద్ అన్నడు."

"గట్ల అనుకుంటున్న అని చెప్పిన, గంతే" అన్నాడు బషీర్ కిటికీ వైపే చూస్తూ.

గ్లోరీ మేడం పెద్దమనసుతో నవ్వు మింగి ఒక మిషన్ చూపించింది. దాని రెండు దవడల మధ్య వేలంత లోహపు ముక్క ఉంది. లోహపు పొడిని పొర మీద పొర కరిగించి, అచ్చు లేకుండానే తయారుచేసిన ముక్క అది. మిషన్ దాన్ని గుంజుతోంది, వదులుతోంది, మళ్లీ గుంజుతోంది. టక్, టక్, టక్.

"ఒక్కసారి గుంజితె దీనికి ఏం గాదు పెద్దాయనా. ఊకె ఊకె గుంజితె లోపల అలసిపోయి ఓనాడు చెప్పకుండ ఇరుగుతది. రేపు గిసొంటి ముక్కనే విమానంల పెడతరు, మనిషి తుంటిల పెడతరు. మధ్యల ఇరుగొద్దు గద. ఎక్కడ పగులుతది, ఎందుకు పగులుతది అనేది మీ బిడ్డ కనిపెట్టాలె."

"అంటె కూసోని చూసుడేనా?"

"చూసుడే. ఇరిగినంక ఎందుకు ఇరిగిందని తలకాయ పగలగొట్టుకునుడు. నిరోషా, ఇయాల ఈ ముక్కను నువ్వే చూడు, పనేందో తెలుస్తది."

మల్లప్పకు ఇంకా తృప్తి కాలేదు. కూర్చుని చూడడానికి సర్కారు పైసలు ఎందుకివ్వాలని ఆయన వాదం. తాను జీవితమంతా చేసింది కూడా సరిగ్గా అదే పని అని ఆయనకు అప్పుడు తోచలేదు. "సరె, నేను గూడ చూస్త" అని గోడ పక్క కుర్చీలో కూర్చుని, కట్టె మీద గడ్డం ఆనించాడు. టక్, టక్, టక్. చల్లటి గాలి. మందలో గంట కట్టిన పొట్టేలు నెమరేస్తున్నప్పుడు ఇట్లాగే చప్పుడవుతుంది. ముందర మిషన్ మీద కళ్లు పెట్టి బిడ్డ కూర్చుని ఉంది, కదలడం లేదు, రెప్ప వేయడం లేదు. నాకంటే బాగా కాస్తోంది అనుకున్నాడు మల్లప్ప. ఆయనకు గుర్తున్నది అంతవరకే.

మిగతాది తర్వాత బషీర్ చెప్పగా ఊరంతటికీ తెలిసింది. ముందు కట్టె జారింది. తర్వాత గొంగడి జారింది. తర్వాత గురక మొదలైంది, అది ముప్పై ఏళ్ల బాకీ మొత్తం ఒకేసారి వసూలు చేసుకుంటున్న గురక. పక్క గదిలోని పిల్లలు ఏ మిషన్ పాడైందోనని వచ్చి చూసిపోయారు. మధ్యాహ్నం దాటింది, పొద్దు వాలింది. చేరే పిల్లలు సంతకం పెట్టే ఆఫీసు ఐదింటికి మూసేస్తారు. బషీర్ కాలుగాలిన పిల్లిలా ఆ చివరకూ ఈ చివరకూ తిరిగాడు.

"లేపు బేటీ. ఒక్క మాట అనిపిస్తె అయిపాయె గద."

"లేప" అంది నిరోష.

"సీటు పోతదమ్మా" అంది గ్లోరీ మేడం. "అవతల లైన్ల ఇంకొకరున్నరు."

నిరోష మిషన్ మీంచి కళ్లు తీయలేదు. కళ్లలో నీళ్లు మాత్రం తిరిగాయి.

"మా బాపు పండంగ నేను పుట్టినంక సూడలే మేడం. మా అమ్మ గూడ సూడలే. సీటు పోతె మల్ల రాస్త. బాపును మాత్రం లేప."

 గోడ గడియారంలో ఐదు కావడానికి ఇంకా కొద్ది నిమిషాలే ఉంది. అప్పుడు లోహపు ముక్క పుటుక్కున విరిగింది. మిషన్ ఆగిపోయింది. గదంతా నిశ్శబ్దమైంది.

మల్లప్ప చివాలున లేచాడు. చప్పుడుకు లేచే మనుషులుంటారు, చప్పుడు ఆగితే లేచేవాళ్లు కాపరులు. గంట ఆగిందంటే మందలో ఏదో పోయినట్టే. జారిన కట్టె కోసం తడుముకుంటూ, "ఏది? ఏది వోయింది?" అని అరిచాడు.

"ఒక్కటే బాపు" అంది నిరోష. "ఒక్కటి ఇరిగింది. నేను చూస్తనే ఉన్న. పగులు యాడ మొదలైందో గూడ చూసిన."

మల్లప్ప చుట్టూ చూశాడు. కిటికీ అవతల పొద్దు పడమటికి వాలి ఉంది. ఒళ్లో ఉండాల్సిన గొంగడి నేల మీద ఉంది. ఏం జరిగిందో అర్థమై ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"ఎవలు పండనిచ్చిన్రు నన్ను?"

"నేనే. నేను కాస్తున్న గద బాపు."

ఆ మాట మల్లప్పకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. తాను నిద్రపోనిది నిద్ర రాక కాదు, తన వంతు కాయడానికి ఇంకొక మనిషి లేక. తండ్రి పోయినకాడి నుంచి మోస్తున్న కావలి అది. ఇవాళ ఎవరో తీసుకున్నారు గనకనే కన్ను మూతపడింది.  బిడ్డ తల మీద చెయ్యి పెట్టాడు.

"మల్లప్పా, ప్రేమలు తర్వాత" అని బషీర్ మొత్తుకున్నాడు. "ఆఫీసు మూస్తున్నరు."

"పోయొస్త బాపు" అంది నిరోష.

"పోయిరా. ఉరుకు."

ఆ పిల్ల ఉరికింది. సంచి ఎత్తుకుని బషీర్ వెనకాల ఉరికాడు. తాళం చెవి చేతిలో పట్టుకున్న గుమాస్తా ఆయాసపడుతున్న ఆ ఇద్దరినీ చూసి, మటన్ దుకాణం భాయ్ కూడా పీహెచ్‌డీలో చేరడానికి వచ్చాడనుకున్నాడట. సంతకం అయిపోయింది.

సాయంత్రం గేటు దగ్గర వదిలిపెట్టడానికి నిరోష వచ్చింది. మల్లప్ప రెండడుగులు వేసి ఆగాడు. వెనక్కి తిరిగి, ఎన్నో ఏళ్లుగా ఎవరితోనూ అనని మాట అన్నాడు.

"పోయొస్త బిడ్డా."

నిరోష ఒక క్షణం తెల్లబోయింది. తర్వాత అర్థమైంది.

"పోయిరా బాపు."

వెనక్కి వచ్చేటప్పుడు, ఊరు దాటి సూర్యాపేట దాకా పోయే బస్సులో సీటు దొరికింది. మల్లప్ప కూర్చున్నాడు. చౌటుప్పల్ దాటాక జానమ్మ బషీర్‌కు ఫోన్ చేసింది, ఎందుకంటే పెనిమిటి ఫోన్ ఎత్తడం లేదు.

"ఏమాయె భాయ్? పిల్ల చేరిందా?"

"చేరింది. ఫికర్ జేయకు."

"మరి మీ మల్లప్ప ఏంజేస్తున్నడు?"

బషీర్ పక్కకు చూశాడు. మల్లప్ప తల ఆయన భుజం మీద ఉంది, నోరు తెరిచి ఉంది.

"పండిండు" అన్నాడు.

 అవతల గొర్రెల అరుపు వినపడింది. తర్వాత జానమ్మ మెల్లగా, పక్కన ఎవరో నిద్రలేస్తారేమోనన్నట్టు అంది.

"మనూరు వస్తె లేపకు భాయ్. సూర్యాపేట దాక పోనియ్యి."